పొర దాటడానికి ఖర్చు ఎవరిది?

భీమవరం,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టితల్లి బుజ్జమ్మకి,

అమ్మ దీవెనలు. నాన్న, నానమ్మ, తాతయ్య అందరూ బాగున్నారు. కణం పొరని పదార్థాలు ఎలా దాటతాయని నువ్వు అడిగింది ఫోనులో ఐదు నిమిషాల్లో తేలే విషయం కాదు, అందుకని కాగితం మీద పెడుతున్నాను. నిదానంగా చదువుకో. పరీక్షలని టెన్షన్ పడుతూ ఒక్కసారే చదివేయకు.

“డిఫ్యూజన్‌లో ఎక్కువ ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి పోతుందన్నారు, ఆస్మాసిస్‌లో తక్కువ గాఢత నుంచి ఎక్కువ గాఢతకి పోతుందన్నారు, నీళ్ళకి మాత్రం వేరే రూల్ ఎందుకమ్మా?” అని అడిగావు. వేరే రూల్ లేదమ్మా. డిఫ్యూజన్ అంటే ఏ పదార్థమైనా తనంతట తనే వ్యాపించడం, ఆస్మాసిస్ అంటే పొరలోంచి నీళ్ళు అలా పోవడం. పుస్తకంలో గాఢత అన్నది ఉప్పు గాఢతో, చక్కెర గాఢతో. నీళ్ళ గాఢత కాదు. ఒక వైపు ఉప్పు ఎక్కువ కరిగి ఉంటే, ఆ వైపు నీళ్ళు ఆ మేరకు పలచబడ్డట్టే. కాబట్టి నీళ్ళు కూడా తాము ఎక్కువగా ఉన్న వైపు నుంచి తక్కువగా ఉన్న వైపుకే పోతున్నాయి. వాటర్ పొటెన్షియల్ అని నువ్వు భయపడుతున్న పాఠం ఈ లెక్కే. స్వచ్ఛమైన నీటికి సున్నా, అందులో ఏది కరిగినా సున్నా కంటే కిందికి దిగుతుంది, నీళ్ళు పై విలువ నుంచి కింది విలువకు పోతాయి. ఉప్పు వైపు నుంచి ఆలోచించడం మానేసి నీళ్ళ వైపు నుంచి ఆలోచించు, తికమక ఉండదు.

ఇక సింపుల్ డిఫ్యూజన్, ఫెసిలిటేటెడ్ డిఫ్యూజన్, యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్ అని మూడు నిర్వచనాలు బట్టీ పడుతున్నానన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. నిర్వచనాలు పక్కన పెట్టి, ఏ పదార్థం కనబడినా రెండు ప్రశ్నలు వేసుకో. ఇది నూనెలో కలిసేదేనా? ఇది పల్లానికి పోతోందా, మెరకకి ఎక్కుతోందా? మన చేలు చూశావుగా. పల్లపు చేలకి బోదె గండి తీస్తే చాలు, కాలవ నీరు తనంతట తనే పారుతుంది. మెరక చేలకి ఇంజను పెట్టి తోడాలి, డీజిల్ ఖర్చు మనది. కణంలోనూ అంతే. ఎక్కువ నుంచి తక్కువకి పోయేదానికి ఖర్చు లేదు. తక్కువ నుంచి ఎక్కువకి పోవాలంటే ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చు ఎక్కడ పడుతోందో వెతకడం నేర్చుకుంటే ఈ పాఠం మొత్తం వచ్చినట్టే.

మొదటి ప్రశ్న నూనె గురించి ఎందుకంటే, కణం చుట్టూ ఉన్న పొర ముఖ్యంగా కొవ్వే. ఫాస్ఫోలిపిడ్ అణువుకి నీళ్ళంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్ళంటే గిట్టని తోకలు రెండు. రెండు వరసలుగా, తోకలు లోపలికి పెట్టి నిలబడతాయి. పొర మందం ఏడెనిమిది నానోమీటర్లు. ఇలాంటివి పదివేలకు పైగా పేర్చితే గానీ నీ నోటుబుక్కు కాగితమంత మందం రాదు. రెండు వరసలని ఎలా తెలిసిందో కూడా చెబుతాను. 1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల్లోని కొవ్వుని బయటికి తీసి, నీటి మీద ఒకే వరసగా పరిచి కొలిచారు. కణాల ఉపరితలానికి రెట్టింపు వచ్చింది. తర్వాతి వాళ్ళు వాళ్ళ కొలతల్లో రెండు లోపాలు పట్టుకున్నారు. కొవ్వు మొత్తం బయటికి రాలేదు, ఉపరితలాన్ని కూడా తక్కువగా కట్టారు. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని జవాబు మాత్రం నిలబడింది. నాకు ఈ కథంటే చాలా ఇష్టం.

కొవ్వులో కలిసేది, చిన్నది, ఛార్జి లేనిది అయితే పొరలోంచి నేరుగా జారిపోతుంది. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ అలాంటివి. సోడియం, పొటాషియం లాంటి ఛార్జి ఉన్నవి ఎంత చిన్నవైనా ఆ నూనెలోకి అడుగు పెట్టలేవు. ఈ తేడా మా ల్యాబ్‌లో రోజూ చూస్తాను. పొద్దున్నే సీసాల్లో చెరువు నీళ్ళు తెచ్చే రైతులు “అమ్మోనియా ఎంత ఉందండీ?” అంటారు. నేను ముందు పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, చూస్తాను. ఎందుకంటే నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఛార్జి లేని అమ్మోనియా ఒకటి, ఒక ప్రోటాన్ తగిలించుకుని ఛార్జి తెచ్చుకున్న అమ్మోనియం ఒకటి. అమ్మోనియం పొరని నేరుగా దాటలేదు. ఛార్జి లేనిది రొయ్య మొప్పల్లోంచి సులువుగా దూరిపోతుంది, విషం అదే. ముప్పై డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో ఈ ప్రమాదకరమైన భాగం నూటికి ఒకటి లోపే. పీహెచ్ 8 దగ్గర ఏడెనిమిది. 9 దగ్గర నలభై దాటుతుంది. మొత్తం అమ్మోనియా అంకె ఒకటే అయినా రెండు చెరువుల పరిస్థితి ఒకటి కాదు. ఎండ కాసిన రోజు మధ్యాహ్నం నీళ్ళలోని నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది, పీహెచ్ పైకి పోతుంది. అందుకే పొద్దున తెచ్చిన శాంపిల్ బాగుందని రైతు నిశ్చింతగా ఉంటే, సాయంత్రానికి రొయ్యలు తినక చెరువులో మేత మిగిలిపోతుంది. సాయంత్రం శాంపిల్ కూడా తెమ్మని పట్టుబట్టేది అందుకే. సింపుల్ డిఫ్యూజన్‌కి నీకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు, రాసుకో.

ఇప్పుడు రెండో రకం, ఫెసిలిటేటెడ్ డిఫ్యూజన్. “ప్రోటీన్ సాయం ఉంది కాబట్టి ఏటీపీ ఖర్చవుతుంది” అని వీక్లీ టెస్టులో రాశానన్నావు. ఏటీపీ అంటే కణం ఖర్చుపెట్టుకునే శక్తి ఉన్న అణువు. సాయం వేరు, ఖర్చు వేరు తల్లీ. గ్లూకోజ్ పెద్ద అణువు, నూనెలో కలవదు. ఎర్ర రక్తకణంలోకి అది గ్లూట్ 1 అనే ప్రోటీన్ ద్వారా పోతుంది. రక్తంలో ఎక్కువ, కణంలో తక్కువ కాబట్టి పల్లానికే పోతోంది, ఒక్క ఏటీపీ కూడా ఖర్చు కాదు. తాతయ్య ఇన్సులిన్ తీసుకుంటారుగా. ఇన్సులిన్ గ్లూకోజ్‌ని మోసుకుపోదు. కండరం, కొవ్వు కణాల లోపల దాచి ఉన్న గ్లూట్ 4 ప్రోటీన్లని పైకి తెచ్చి పొరలో పెట్టమని చెబుతుంది. దారులు పెరుగుతాయి, చక్కెర తనంతట తనే లోపలికి పోతుంది. ఈ సంగతి తాతయ్యకి బొమ్మ వేసి చూపిస్తే ఎంతో ఆసక్తిగా విన్నారు.

నీళ్ళకి కూడా ప్రత్యేకమైన దారులున్నాయని చాలా ఆలస్యంగా తేలింది. నూనె పొరలోంచి నీళ్ళు కొద్దికొద్దిగా ఊరతాయి, కానీ ఎర్ర రక్తకణాల్లో, మూత్రపిండాల్లో పోయే వేగానికి అది చాలదని శాస్త్రవేత్తలకి ఎప్పటి నుంచో అనుమానం. అమెరికాలో పీటర్ ఆగ్రే నిజానికి వెతుకుతున్నది రక్తం గ్రూపుకి సంబంధించిన ఆర్‌హెచ్ ప్రోటీన్ కోసం. దాంతో పాటు పేరు తెలియని ఇంకో ప్రోటీన్ ఎర్ర కణాల్లో కుప్పలుగా కనబడింది. కప్ప గుడ్లకి సహజంగా నీళ్ళు అంత సులువుగా పట్టవు. ఈ ప్రోటీన్ తయారయ్యేలా చేసిన కప్ప గుడ్లని పలచటి నీళ్ళలో వేస్తే ఉబ్బి పగిలిపోయాయి. మామూలు గుడ్లు అలాగే ఉన్నాయి. అది 1992. ఆ ప్రోటీనే ఆక్వాపోరిన్. ఒక్కో ఆక్వాపోరిన్ దారి సెకనుకి సుమారు 300 కోట్ల నీటి అణువుల్ని వరసగా పంపుతుంది, ప్రోటాన్‌ని మాత్రం పోనివ్వదు. 2003లో ఆగ్రేకి నోబెల్ వచ్చింది. ఆయనతో పాటు పొటాషియం చానెల్, అంటే పొటాషియం పోయే ప్రోటీన్ దారి, దాని ఆకారాన్ని కనిపెట్టిన రోడరిక్ మెకినన్‌కి కూడా. ఆయన తేల్చింది ఏమిటంటే, ఆ చానెల్ చిన్నదైన సోడియాన్ని ఆపి, పెద్దదైన పొటాషియాన్ని పోనిస్తుంది. అయాన్, అంటే ఛార్జి ఉన్న కణిక, తన చుట్టూ ఉన్న నీళ్ళని వదిలేసి లోపలికి రావాలి, దానికి సరిపోయే పట్టు చానెల్ గోడల్లో పొటాషియానికి మాత్రమే దొరుకుతుంది. ఈ పేరా రెండుసార్లు చదువు. చిన్నది పోతుంది, పెద్దది ఆగుతుంది అన్న జల్లెడ ఆలోచన నీ బుర్రలోంచి పోవాలి.

దారులున్న చోట దొంగదారి పట్టేవీ ఉంటాయి. చెరువు నీళ్ళలో పేరుకునే నైట్రైట్ అనే విషం అలాంటిది. మొప్పలు క్లోరైడ్‌ని తీసుకునే దారిలోనే అది లోపలికి వచ్చేస్తుంది. అందుకే ఉప్పు తక్కువ ఉన్న చెరువులో నైట్రైట్ ఎక్కువ చంపుతుంది, క్లోరైడ్ బాగా ఉన్న చోట ఆ దారి క్లోరైడ్‌తోనే నిండి దాని దెబ్బ తగ్గుతుంది. చేపల చెరువులో నైట్రైట్ పెరిగితే ఉప్పు చల్లమనేది ఇందుకే. చాలామందికి కారణం తెలియదు, చల్లుతారు, పని చేస్తుంది.

ఇక మెరకకి తోడే పని, అదే యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్. మన ప్రతి కణంలో సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ. బయట రక్తంలో సోడియం లీటరుకి 140 మిల్లీమోల్స్ దాకా ఉంటే కణం లోపల పది, పదిహేను. పొటాషియం లోపల 140, బయట నాలుగైదు. ఊరుకుంటే రెండూ సమానం అయిపోతాయి, సమానం అయిన రోజు ఆ కణం చచ్చిపోయినట్టే. అలా కానివ్వకుండా సోడియం-పొటాషియం పంపు పగలూ రాత్రీ తోడుతూనే ఉంటుంది. ఒక ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియం బయటికి, రెండు పొటాషియం లోపలికి. మనం కదలకుండా పడుకున్నప్పుడు ఒళ్ళు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు ఐదో వంతు ఈ ఒక్క పనికే పోతుంది. దీన్ని డెన్మార్క్‌లో యెన్స్ స్కో 1957లో పీతల కాళ్ళ నరాల్లో పట్టుకున్నాడు. నోబెల్ వచ్చింది 1997లో, నలభై ఏళ్ళ తర్వాత.

ఆ ఏటీపీ గురించి ఒక మాట. దాన్ని కండరాల్లో మొదట వేరు చేసిన వాళ్ళలో యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. 1895లో మన భీమవరంలో పుట్టారు, రాజమండ్రిలో చదివారు, మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఆ తర్వాత ఏటీపీని వెలికితీశారు. అదే సమయంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనిపెట్టాడు. నీ పుస్తకంలో పంపు బొమ్మ పక్కన ఏటీపీ అని మూడక్షరాలు ఉంటాయి. అవి చదివినప్పుడల్లా మన ఊళ్ళో పుట్టిన మనిషి గుర్తు రావాలని నా కోరిక.

ఇప్పుడు నాకు బాగా తెలిసిన చోటికి వస్తాను, ఓపిగ్గా విను. మన చెరువుల్లో పెంచే వెనామీ రకం రొయ్య రక్తం సుమారు 25 పీపీటీ, అంటే వెయ్యి పాళ్ళలో 25 పాళ్ళు ఉప్పున్న నీళ్ళతో సమానం. ఆ ఉప్పుదనం దగ్గర దాని లోపలా బయటా ఒకటే, మొప్పలకి పెద్దగా శ్రమ లేదు. మన వైపు చెరువులు చాలావరకు అంత ఉప్పువి కావు. ఉప్పుటేరు దగ్గర ఒక రకం, లోపలి ఊళ్ళలో బోరు నీళ్ళ మీద నడిచేవి ఒక రకం, ఐదు పీపీటీ, మూడు, ఇంకా తక్కువ కూడా ఉంటాయి. అలాంటి నీళ్ళలో రొయ్యకి రెండు కష్టాలు. నీళ్ళు తోసుకుని లోపలికి వస్తుంటాయి, ఒంట్లో ఉప్పు బయటికి కారిపోతుంటుంది. రెండూ పల్లానికే, ఖర్చు లేకుండా జరిగిపోతాయి. వాటిని తిప్పికొట్టే పని మాత్రం రొయ్యది. వచ్చిన నీళ్ళని మూత్రంగా పంపాలి, పోయిన ఉప్పుని మొప్పల ద్వారా మళ్ళీ లాక్కోవాలి. ఆ లాగే పనికి మూలం మొప్ప కణాల్లోని సోడియం-పొటాషియం పంపే.

పంపు తిరగాలంటే బయటి వైపు, అంటే రొయ్య రక్తం వైపు, పొటాషియం ఉండాలి. రక్తానికి పొటాషియం నీళ్ళలోంచి, మేతలోంచి రావాలి. సముద్రపు నీళ్ళలో, 35 పీపీటీ దగ్గర, లీటరుకి సోడియం పదివేల మిల్లీగ్రాముల పైమాట, పొటాషియం 390 దాకా, అంటే సుమారు 28కి ఒకటి. సముద్రం నుంచి వచ్చిన నీటికి మంచినీళ్ళు కలిపితే ఉప్పుదనం తగ్గినా ఈ నిష్పత్తి మారదు. భూమిలోంచి తోడిన ఉప్పు నీళ్ళ సంగతి వేరు. బంకమట్టి పొటాషియాన్ని పట్టి ఉంచేసుకుంటుంది. రుచి చూస్తే ఉప్పగానే ఉంటాయి, ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో పీపీటీ బాగానే కనబడుతుంది, రొయ్యకి కావలసిన పొటాషియం మాత్రం ఉండదు. మేము వేసే లెక్క సులువే. ఉప్పుదనాన్ని 10.7తో హెచ్చిస్తే లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల పొటాషియం ఉండాలో వస్తుంది. ఐదు పీపీటీకి యాభై మూడు, యాభై నాలుగు. అందులో సగం కూడా లేని శాంపిళ్ళు తరచూ వస్తాయి. అలాంటి చెరువులో మేత చూసుకునే చెక్ ట్రే ఎత్తితే రొయ్య తోక తెల్లబడి, ముడుచుకుపోయి, మళ్ళీ చాచుకోలేక ఉంటుంది. క్రాంప్ అంటారు. అప్పుడు పొటాష్, మెగ్నీషియం వేయిస్తాం.

పరీక్ష చేయించకుండా ఎవరో చెప్పారని మినరల్ బస్తాలు కొట్టించే వాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. డబ్బు పోతుంది, కావలసినది లోపిస్తూనే ఉంటుంది. ఏది తక్కువైందో తెలియాలి కదమ్మా ముందు.

సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, చెరువులో వేసే రోజు కూడా పాఠమే. పిల్లల్ని పుట్టించే హేచరీ నుంచి వచ్చిన బ్యాగుల్ని వెంటనే విప్పి చెరువులో కుమ్మరించరు. ముందు తేలేస్తారు, వేడి సమానం కావడానికి. తర్వాత చెరువు నీళ్ళు కొంచెం కొంచెం కలుపుతారు. ఉప్పుదనం తేడా మరీ ఎక్కువైతే హేచరీలోనే రోజుల తరబడి తగ్గించుకుంటూ వస్తారు. ఎందుకంటే కొత్త నీళ్ళకి తగ్గట్టు మొప్ప కణాలు పంపుల్ని పెంచుకోవాలి. పంపు అంటే ప్రోటీన్, దాన్ని తయారుచేసి పొరలో పెట్టడానికి టైం పడుతుంది. నీళ్ళు మాత్రం ఆగవు, క్షణంలో లోపలికి వచ్చేస్తాయి. తొందరపడ్డ రైతు సీడ్ సగం ఆ రాత్రే పోగొట్టుకోవచ్చు.

తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతే, కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్యలు చావడం నువ్వు చిన్నప్పటి నుంచి వింటున్నావు. ఊపిరాడక చస్తాయని అంటాం. ఇంకాస్త లోపలికి చూడు. ఆక్సిజన్ లేకపోతే ఏటీపీ తయారీ పడిపోతుంది, ఏటీపీ లేకపోతే పంపు ఆగుతుంది, పంపు ఆగితే ఉప్పు కారిపోతూ నీళ్ళు వచ్చేస్తూ ఉంటాయి. తక్కువ ఉప్పు చెరువులో ఆ దెబ్బ ఇంకా గట్టిగా ఉంటుంది.

రొయ్య జీవితమంతా ఒకే చెరువు. పులస మాత్రం రెండు లోకాల్లో బతుకుతుంది. సముద్రంలో ఇలసగా తిరిగేటప్పుడు చేప రక్తం చుట్టూ ఉన్న నీటిలో మూడో వంతు ఉప్పుదనమే. నీళ్ళు ఒంట్లోంచి బయటికి పోతుంటాయి. అంత నీళ్ళలో ఉండి కూడా చేప ఎండిపోయే ప్రమాదంలో ఉంటుంది, అందుకని సముద్రపు నీళ్ళే తాగుతుంది. తాగిన దానితో పాటు వచ్చిన ఉప్పుని మొప్పల్లో ఉన్న ప్రత్యేక కణాలు బయటికి తోడేస్తాయి. ఆ కణాల నిండా మైటోకాండ్రియాలే, అంత ఏటీపీ కావాలి మరి. గోదాట్లో ఎర్ర నీరు దిగి, అంతర్వేది వైపు నుంచి వశిష్ఠలోకి ఎక్కగానే అంతా తలకిందులు. ఇప్పుడు నీళ్ళు లోపలికి వస్తుంటాయి, ఉప్పు బయటికి పోతుంటుంది. చేప తాగడం మానేస్తుంది, పలచటి మూత్రం ఎక్కువగా పోస్తుంది, మొప్పలు ఉప్పుని బయటికి తోడటం ఆపి లోపలికి తీసుకోవడం మొదలుపెడతాయి. ఉప్పు బయటికి తోడే కణాలు తగ్గి, లోపలికి తీసుకునేవి పెరుగుతాయి. ధవళేశ్వరం బ్యారేజి దాకా ఎదురీదుతూ, గుడ్లు మోస్తూ, ఇదంతా చేసుకుంటుంది. బొచ్చె, శీలావతి అలా చేయలేవు, సముద్రంలో వేస్తే బతకవు. “పుస్తెలమ్మి అయినా పులస తినాలి” అని నానమ్మ అన్నప్పుడల్లా నాకు ఆ మొప్పల పనే గుర్తొస్తుంది. గుడ్లు పెట్టడానికి వెళ్ళే చేపల్ని ఇంతగా పట్టేయడం నాకు మనసొప్పదు. మన ఇంట్లో నేను కొనకపోవడానికి ధర ఒక్కటే కారణం కాదు.

నువ్వు అడగకపోయినా ఓఆర్‌ఎస్ సంగతి చెప్పాలి. హాస్టల్లో ఉన్నావు, ఎప్పుడో ఒకప్పుడు అవసరం పడుతుంది. కలరా వచ్చినప్పుడు పేగు కణాలకి ఏమీ చిల్లులు పడవు. ఆ క్రిమి వదిలే విషం, దాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు, పేగు కణాల్లో క్లోరైడ్ దారుల్ని మూయకుండా తెరిచి పెట్టేస్తుంది. క్లోరైడ్ బయటికి పోతుంది, వెనకాలే సోడియం, దాని వెనకాల నీళ్ళు, అన్నీ పల్లానికే. మనిషి గంటల్లో పిప్పి అయిపోతాడు. ఉప్పు నీళ్ళు తాగిస్తే ఉపయోగం ఉండదు, మళ్ళీ బయటికే పోతాయి. కానీ అదే పేగు కణంలో ఇంకో దారి చెడకుండా ఉంది. రెండు సోడియంలు, ఒక గ్లూకోజ్ కలిసి వస్తేనే లోపలికి తీసుకునే ప్రోటీన్ అది. ఈ జంట ప్రయాణం సంగతి 1960లో రాబర్ట్ క్రేన్ చెప్పాడు. ఉప్పుతో పాటు సరిపడా గ్లూకోజ్ ఇస్తే సోడియం లోపలికి వెళ్తుంది, దాని వెంట నీళ్ళూ వెళ్తాయి.

ఖర్చు ఎక్కడుందో చూశావా? ఆ ప్రోటీన్ తాను ఏటీపీ ముట్టదు. సోడియం పల్లానికి జారే బలంతో గ్లూకోజ్‌ని మెరకకి ఎక్కిస్తుంది. కణం వెనక వైపున పంపు సోడియాన్ని తోడి పడేస్తూ ఉంది కాబట్టే ఇక్కడ పల్లం ఉంది. బిల్లు కడుతున్నది ఆ పంపు. సెకండరీ యాక్టివ్ ట్రాన్స్‌పోర్ట్ అని నువ్వు బట్టీ పట్టేది ఇదే.

1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోతుంటే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, సోడా లెక్కగా కలిపిన నీళ్ళని డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతే తాగించారు. నూటికి ముప్పై మంది దాకా చనిపోతున్న చోట ఆ సంఖ్య నాలుగు లోపుకి వచ్చింది. ఆయన 2022లో పోయారు, మరుసటి ఏడు పద్మవిభూషణ్ ఇచ్చారు. బతికుండగా ఇవ్వాల్సింది అనిపిస్తుంది నాకు.

ఇప్పటి ప్యాకెట్‌లో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. లీటరు ప్యాకెట్ లీటరు నీళ్ళలోనే కలపాలి, గ్లాసులో కలిపి తాగేయకూడదు. విరేచనాలప్పుడు కూల్‌డ్రింకులు ఎందుకు వద్దంటానో కూడా ఇప్పుడు నీకే తెలియాలి. చక్కెర మరీ ఎక్కువైతే పేగులో ఉన్న ద్రవం చిక్కబడి, ఒంట్లో నీళ్ళనే పేగులోకి లాగుతుంది. నాలుగు ప్యాకెట్లు నీ నల్ల బ్యాగు ముందు అరలో పెట్టాను, చూసుకో.

మన చేను గురించి కూడా రాద్దామనుకున్నాను. పక్క చెరువు ఉప్పు ఊటకి గట్టు వారన వరి ఆకుల కొసలు ఎండిపోతున్నాయి. మొదట వేరుకి నీళ్ళు అందవు, మట్టిలో ఉప్పు ఎక్కువైంది కనక. తర్వాత పొటాషియం దారుల్లో సోడియం దూరుతుంది, ఆకుల్లో పేరుకుంటుంది. రొయ్యల మీదే బతుకుతున్నాను, అయినా చెబుతున్నాను, చేల మధ్యలో ఉప్పు చెరువు తవ్వడం అన్యాయం. తాతయ్య మురుగు బోదె లోతు చేయించి, మంచినీళ్ళు పెట్టి తీసేస్తూ ఉప్పు కడిగిస్తున్నారు. పండక్కి వచ్చినప్పుడు చూద్దువుగాని.

పొర సంచిలా మూటగట్టి లోపలికి తీసుకునే ఎండోసైటోసిస్, బయటికి పంపే ఎక్సోసైటోసిస్ గురించి ఇక్కడ రాయడం లేదు. అవి బొమ్మ చూస్తే అర్థమైపోతాయి, నీకు అక్కడ ఇబ్బంది లేదు.

వచ్చే ఆదివారం ఫోన్ చేసేలోపు ఒక ప్రశ్నకి జవాబు రాసి ఉంచు. ఎనిమిది పీపీటీ ఉన్న రొయ్యల చెరువు మీద రాత్రంతా తుఫాను వాన కురిసింది. తెల్లారేసరికి పైనీళ్ళు మూడు పీపీటీకి దిగాయి, కరెంటు కూడా లేదు. రొయ్య ఒంట్లో మొదట కదిలేది ఏది, నీళ్ళా, ఉప్పా? ఏది ఎటు? అందులో ఏటీపీ అవసరం లేనివి ఏవి, అవసరమైనవి ఏవి? రైతు నీ దగ్గరికి వచ్చి ముందు ఏం చేయమంటావని అడిగితే ఏం చెబుతావు? పుస్తకం చూడకుండా రాయి.

పెరుగన్నం మానకు. మావయ్య గురువారం విజయవాడ వస్తున్నాడు, సున్నుండలు పంపుతున్నాను.

అమ్మ